స్టార్ పెట్టిన వార్త రోజూ రిపాజిటరీలోకి మళ్లీ వస్తోంది, ఎలా ఆపాలి?

మాది పర్లాకిమిడి అండి. గజపతి జిల్లా వార్తలు ఒడియా పేపర్లలో చదివి, పనికొచ్చేవాటికి న్యూస్ రీడర్‌లో స్టార్ పెడతాను. అవి మా గిట్‌హబ్ రిపాజిటరీలో (ఆన్‌లైన్‌లో కోడ్, ఫైళ్లు దాచుకునే చోటు) ఇష్యూలుగా, అంటే చేయాల్సిన పనుల చీటీలుగా చేరితే నేనూ మా బావమరిదీ తీరిగ్గా తెలుగు చేసుకుంటాం.

రిపాజిటరీ నుంచి రీడర్‌కి సులువే. అడ్రస్ చివర స్లాష్ రిలీజెస్ డాట్ ఆటమ్ అని చేరిస్తే కొత్త రిలీజులు కనిపిస్తాయి. తంటా అంతా ఇటు నుంచి అటు పంపడంలోనే. స్టార్ వార్తల ఆర్‌ఎస్‌ఎస్ లింకు (వార్తల జాబితా ఇచ్చే ఫీడ్) తీసుకుని, గిట్‌హబ్ యాక్షన్స్‌లో (పనులు వాటంతటవే నడిపే సదుపాయం) రోజుకోసారి నడిచే వర్క్‌ఫ్లో రాశాను. మొదట ఉదయం 6 అని పెడితే 11:30కి నడిచింది. అక్కడ యూటీసీ టైమని, అది మనకంటే ఐదున్నర గంటలు వెనకని తర్వాత వెలిగింది! ఇప్పుడు 0:30 అని మార్చాను.

కానీ ప్రతిసారీ కొత్త మెషీన్‌లో మొదలవుతుంది కదా, నిన్న ఏం పంపిందో దానికి గుర్తుండదు. మహేంద్రగిరి రోడ్డు వార్త ఒక్కటే 9 ఇష్యూలై కూర్చుంది. హెడ్డింగుతో పోల్చుదామంటే పేపరువాళ్లు మధ్యాహ్నానికే దాన్ని మార్చేస్తారు.

వార్త జీయూఐడీని (ఫీడ్‌లో ఒక్కో వార్తకీ ఉండే ప్రత్యేక గుర్తు) ఒక ఫైల్లో రాసి కమిట్ చేయడం, అంటే రిపాజిటరీలో శాశ్వతంగా నమోదు చేయడం మంచిదా, యాక్షన్స్ క్యాష్ (తాత్కాలికంగా దాచే చోటు) చాలా? రోజూ కమిట్ అంటే హిస్టరీ చెత్తవుతుందని నా బాధ. క్యాషేమో 7 రోజులు ముట్టకపోతే పోతుంది. ఇలాంటిది చేసినవాళ్లు ఆ స్టెప్ ఎలా రాశారో కాస్త చూపిస్తారా?