ఢిల్లీ నేషనల్ మ్యూజియంకు ఒక్క పూటే ఉంది, ఏం చూడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో (ఐదో తరగతి, ఎనిమిదో తరగతి) హనుమకొండ నుంచి ఢిల్లీ వెళ్తున్నాం. చివరి రోజు సోమవారం, రాత్రికి రైలు. ఆ రోజు పొద్దున నేషనల్ మ్యూజియం, మధ్యాహ్నం ఎర్రకోట చూద్దామనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నడవలేదు. పిల్లలు గంటలోనే విసుగెత్తిపోతారని మావారికి టెన్షన్. అసలు వెళ్లడం దండగా? వెళ్తే ఏవి తప్పకుండా చూడాలి?

జవాబు:
ముందు ఆ సోమవారం సంగతి చూడండి. నేషనల్ మ్యూజియంకు సోమవారం సెలవు, ఎర్రకోటకూ అంతే. మ్యూజియంను ఒక రోజు ముందుకు జరుపుకుని, సోమవారం కుతుబ్ మినార్ గానీ హుమాయూన్ సమాధి గానీ పెట్టుకోండి. ఆ రెండూ వారమంతా తెరిచే ఉంటాయి.

దండగ మాత్రం కాదండి. కాకపోతే అన్నీ చూసేయాలనుకుంటే మాత్రం ఎవరికీ ఏదీ గుర్తుండదు. మూడు అంతస్తుల గుండ్రటి భవనం అది. మీకున్న పూటకి కింది అంతస్తు చాలు. అందులోనూ రెండు చోట్ల తీరిగ్గా ఆగండి.

మొదటిది హరప్పా గ్యాలరీ. మొహెంజొదారో నాట్యకత్తె కంచు బొమ్మ ఇక్కడే ఉంది. పాఠ్యపుస్తకంలో ఫొటో చూసి పెద్ద విగ్రహం అనుకుంటాం. నిజానికి దాని ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు, జానెడు కూడా ఉండదు. చాలామంది గమనించకుండానే దాటిపోతారు. మీ పిల్లలకు ముందే చెప్పి, వాళ్లనే వెతకమనండి. దొరికాక చేతులు చూడమనండి: ఎడమ చేతికి భుజం దాకా గాజులు, కుడి చేతికి నాలుగే. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసి చేసిన బొమ్మ అది. నాలుగున్నర వేల ఏళ్ల కిందట! ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది బాగా అర్థమవుతుంది. చుట్టూ జంతువులు, మధ్యలో కొమ్ముల తలపాగాతో కూర్చున్న మనిషి ఉన్న పశుపతి ముద్ర కూడా అక్కడే ఉంది, అదింకా చిన్నది. గడ్డం ఉన్న 'పూజారి రాజు' బొమ్మ కోసం మాత్రం వెతక్కండి, అది కరాచీలో ఉంది. దేశ విభజనప్పుడు తవ్వకాల్లో దొరికిన వస్తువులనూ పంచుకున్నారు. మొహెంజొదారో హారం ఒకదాన్నైతే రెండుగా విడదీసి చెరి సగం తీసుకున్నారు. పిల్లలకు ఈ కథ చెప్పండి, మర్చిపోరు.

హర్యానాలోని హరప్పా కాలపు ఊరు రాఖీగఢీలో దొరికిన అస్థిపంజరం కూడా అక్కడే ఉంటుంది. మీ చిన్నబ్బాయో చిన్నమ్మాయో దాని దగ్గరి నుంచి కదలకపోతే కంగారు పడకండి.

రెండోది మన రాళ్లు. నాగార్జునకొండ శిల్పాలు ఇక్కడ ఉన్నాయి. శాతవాహనుల తర్వాత ఆ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, మూడు, నాలుగు శతాబ్దాల్లో పలనాటి సున్నపురాయి మీద చెక్కినవి. మనం సాగర్ డ్యామ్ చూసి వస్తాం గానీ, ఆ నీళ్ల కింద ఒక నగరమే ఉందని పిల్లలకు చెప్పం. డ్యామ్ కట్టేముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, దొరికినంత బయటికి తెచ్చారు. కొన్ని కట్టడాలను నాగార్జునకొండ మీదికీ, దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించి మళ్లీ నిలబెట్టారు. ఢిల్లీలో ఆ రాళ్ల ముందు నిలబడితే నాకైతే మనసు నిండిపోతుంది. జనాలు ఎందుకో అక్కడ ఆగరు. మీరు ఆగండి. రాతిలో బుద్ధుడి జీవిత కథ గళ్లు గళ్లుగా ఉంటుంది, మీ నాన్నగారు వరసగా చదివి చెప్పగలరు.

ప్రశ్న అడిగినవారు:
సోమవారం సెలవని నిజంగా తెలీదు, చాలా థాంక్సండి. ఆదివారానికి మార్చుకుంటాం. అమ్మ సంగతి ఎలా? మెట్రోలో వెళ్లొచ్చా?

జవాబు (ఢిల్లీలో ఉంటున్న మరొకరు):
జన్‌పథ్ రోడ్డు మీద ఉంది కదా అని జన్‌పథ్ మెట్రో స్టేషన్‌లో దిగకండి. అది కన్నాట్ ప్లేస్ పక్కన, అక్కడి నుంచి చాలా నడవాలి. పసుపు, ఊదా లైన్లు కలిసే సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగండి. అమ్మగారు ఉన్నారు కాబట్టి స్టేషన్ నుంచి ఆటో మాట్లాడుకోండి, లేదా బస నుంచే క్యాబ్‌లో నేరుగా గేటు దాకా వెళ్లండి. లోపల లిఫ్ట్ ఉంది. వీల్‌చైర్ కావాలని టికెట్ కౌంటర్ దగ్గరే అడగండి, మొహమాటపడొద్దు. ఏ గ్యాలరీ మరమ్మతుల్లో ఉందో కూడా అక్కడే కనుక్కోండి, అప్పుడప్పుడు కొన్ని మూసేస్తుంటారు. పది గంటలకు తెరవగానే వెళ్తే రద్దీ తక్కువ.

పై అంతస్తులు వదిలేయమనడం మాత్రం నేను ఒప్పుకోను. మా అబ్బాయికి శిల్పాలకన్నా పైనున్న కత్తులు, కవచాలు నచ్చాయి. పిల్లలకు ఓపికుంటే ఒకరు వాళ్లను పైకి తీసుకెళ్లండి, పెద్దవాళ్లు కింద బౌద్ధ గ్యాలరీలో కూర్చుంటారు. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా స్తూపంలో దొరికిన బుద్ధుడి ధాతువులు (అస్థికల అవశేషాలు) అక్కడున్నాయి. విదేశాల నుంచి వచ్చిన భక్తులు వాటి ముందు ప్రార్థన చేసుకుంటూ కనిపిస్తారు. అక్కడ పిల్లలను గట్టిగా మాట్లాడనివ్వకండి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
పిల్లలకు కత్తుల సంగతి నిజమే, చూపించండి. కానీ నాగార్జునకొండ చూశాకే పైకి పంపండి. ముందే పైకి వెళ్తే కాళ్లు నొప్పులని మళ్లీ కిందికి రారు.

పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు గానీ ఫ్లాష్ వద్దు, ట్రైపాడ్ కుదరదు. భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్లొచ్చు, ఆటోలో దగ్గరే. ఢిల్లీ తిండి తినలేక అమ్మగారు నీరసపడి ఉంటే అక్కడి పప్పు, పచ్చడి ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. ఆదివారం బిర్యానీ కోసం జనం విరగబడతారు, కాబట్టి పన్నెండున్నరకల్లా అక్కడుండేలా మ్యూజియం నుంచి బయల్దేరండి.