వెన్న కేకులో కొవ్వు, చక్కెర ఎంతవరకు తగ్గించవచ్చు?

ప్రశ్న:
మా ఇంట్లో పుట్టినరోజులకు వెన్న, చక్కెర, మైదా ఒక్కొక్కటి 200 గ్రాములు, నాలుగు గుడ్లు వేసి కేకు చేస్తాను. పైపూతకు మరో 100 గ్రాముల వెన్న, 200 గ్రాముల ఐసింగ్ షుగర్ గిలకొడతాను. నాన్నగారికి మధుమేహం ఉన్నట్లు ఈ మధ్యే తెలిసింది. ఆయన ముందు మేము తింటూ ఆయనకు పెట్టకుండా ఉండడం నాకు ఇష్టం లేదు. చక్కెరకు బదులు బెల్లం, మైదాకు బదులు గోధుమపిండి వాడితే సరిపోతుందా? వెన్న తగ్గిస్తే కేకు గట్టిపడుతుందా? అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1:
కేకు జోలికి వెళ్లకముందే పైపూతను మానేయండి. మీ కొలతల ప్రకారం కేకులో సుమారు 3,200 కేలరీలుంటే, ఆ పూతలోనే మరో 1,500 దాకా ఉన్నాయి. మొత్తం చక్కెరలో సగం కూడా అక్కడే ఉంది. బట్టలో మూటకట్టి నీరు వడకట్టిన గడ్డ పెరుగులో కమలాపండు తొక్క తురుము, రెండు చుక్కల వెనీలా కలిపి ముక్క పక్కన వడ్డిస్తే లోటు తెలియదు.

సమాధానం 2:
పై సలహాతో ఏకీభవిస్తూ, కేకు సంగతి చెబుతాను. చక్కెర తీపికే పరిమితం కాదు: తేమను పట్టి ఉంచుతుంది, వెన్నతో గిలకొట్టినప్పుడు గాలిని నిలుపుతుంది, గుడ్డు, పిండి త్వరగా గట్టిపడకుండా ఆపుతుంది. అందుకే 200 గ్రాములను 150కి నిశ్చింతగా తగ్గించవచ్చు గాని, అంతకంటే దిగితే కేకు పొడిబారి, పైభాగం పాలిపోతుంది. తగ్గించిన కేకు త్వరగా ఉడుకుతుంది కనుక ఐదారు నిమిషాల ముందే పుల్ల గుచ్చి చూడండి.

వెన్నలో సగం, అంటే 100 గ్రాములు, తీసివేసి అంతే బరువు చిక్కటి పెరుగు వేయండి. ఆరు వందలకు పైగా కేలరీలు తగ్గుతాయి. పెరుగు పులుపుకు పావు చెంచాకు కాస్త తక్కువగా వంటసోడా వేసి, ఆ మేరకు బేకింగ్ పౌడర్ తగ్గించండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. మిగిలిన 100 గ్రాముల వెన్నను మాత్రం ముట్టుకోవద్దు. వెన్న కేకుకు ఆ వాసన, ఆ మెత్తదనం దాని వల్లే వస్తాయి.

గోధుమపిండి సగం వరకు బాగుంటుంది. అందులోని తవుడు నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక రెండు మూడు చెంచాల పాలు అదనంగా పోసి, పిండిని పదిహేను నిమిషాలు నాననివ్వండి. సోడా, బేకింగ్ పౌడర్ మాత్రం ఓవెన్‌లో పెట్టేముందే కలపండి.

సమాధానం 3:
బెల్లం విషయంలో దయచేసి భ్రమపడవద్దు. కాస్త ఖనిజాలున్నా అందులో అధికభాగం చక్కెరే, కేలరీలూ దాదాపు సమానమే. రక్తంలో చక్కెరను అదీ పెంచుతుంది. రుచి కోసం వాడండి, మీ నాన్నగారికి క్షేమమని మాత్రం వాడవద్దు. చక్కెర 150 గ్రాములకు తగ్గించి, కేకును పదహారు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో తొమ్మిది గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. మైదా, గోధుమపిండి కూడా గ్లూకోజుగానే మారతాయి కాబట్టి ఆ ముక్కకు సరిపడా భోజనంలో అన్నం తగ్గించడం గురించి ఆయన వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. గోధుమపిండికి బదులు రాగిపిండి కలపవచ్చా?

సమాధానం 2 రాసినవారు:
పావు వంతు వరకు కలపవచ్చు. రాగిలో గ్లూటెన్ (గోధుమపిండిని జిగురుగా పట్టి ఉంచే మాంసకృత్తి) లేదు, అంతకు మించితే ముక్క కోసేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది. రెండు చెంచాల కోకో కూడా వేస్తే రాగి రంగు, వాసన దానిలో చక్కగా కలిసిపోతాయి.