అప్‌డేట్: నాన్నగారి తొమ్మిది మాత్రలు ఏడయ్యాయి

మా 74 ఏళ్ల నాన్నగారి తొడలు, పిక్కలు సన్నబడుతున్నాయి, రోజుకు తొమ్మిది మాత్రలు వేసుకుంటున్నారు, రెండింటికీ సంబంధం ఉందా అని మూడు నెలల కిందట అడిగాను. మందులన్నీ ఒకే సంచిలో వేసి ఒకే వైద్యుడికి చూపించమన్నవారికి చేతులెత్తి మొక్కుతున్నాను.

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి బరంపురంలో వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. పిడికిలి బలం 21 కిలోలే వచ్చింది. వయసుతో వచ్చే కండ క్షీణతను గుర్తించే ఆసియా ప్రమాణం ప్రకారం మగవారికి 28కి తగ్గకూడదు. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం 12 సెకన్లలోపు కావాలి, ఆయనకు 19 పట్టింది.

సంచి విప్పాక నాకు కన్నీళ్లు వచ్చాయి. పర్లాకిమిడిలో ఒకరు, శ్రీకాకుళంలో ఇంకొకరు రాసిన గ్యాస్ మాత్రలు రెండూ ఒకే మందు, పేర్లే వేరు. ఒడియా చీటీ, తెలుగు చీటీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు, నేను కూడా. నిద్రమాత్ర వల్ల పగలంతా మగత, ఇక నడక ఎక్కడిది? మధుమేహానికి వేసుకునే మెట్‌ఫార్మిన్ కొందరిలో ఆకలి తగ్గిస్తుంది. అదీ గ్యాస్ మాత్రా ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ కూడా తగ్గవచ్చు. అయితే నెపమంతా మాత్రలదే కాదు, మధుమేహం కూడా కండను తగ్గిస్తుందని వైద్యుడు స్పష్టంగా చెప్పారు.

గ్యాస్ మాత్రల్లో ఒకటి తీసేశాం, నిద్రమాత్రను వైద్యుడి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించి మానిపించాం. దయచేసి ఎవరూ సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. మూత్రపిండాల పరీక్ష చూశాకే మాంసకృత్తుల కోసం పప్పు, గుడ్లు, పెరుగు పెంచాం. పొద్దున్నే మహేంద్రతనయ నది గట్టు మీద నడుస్తున్నారు. నిన్న కుర్చీ పరీక్షకు 14 సెకన్లు పట్టింది.