నడుము నొప్పికి నాడు విశ్రాంతి, నేడు నడక: వైద్య సలహాలు ఎందుకు మారుతున్నాయి?

ప్రశ్న: జిజ్ఞాసువు

నడుము పట్టేస్తే కదలకుండా పడుకోవాలన్నది మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న మాట. అది పెద్దల మాట మాత్రమే కాదు. మా నాన్నగారికి నడివయసులో ఈ నొప్పి వచ్చినప్పుడు చూసిన వైద్యుడు కూడా వారాల తరబడి మంచం దిగవద్దనే చెప్పారు. ఇటీవల మా అమ్మగారికి అదే బాధ మొదలైతే, పరీక్షించిన వైద్యురాలు ఓర్చుకోగలిగినంత మేరకు నడవమని, రోజువారీ పనులు మానుకోవద్దని, స్కాన్ ఇప్పుడే అవసరం లేదని చెప్పి పంపించారు. ఇంట్లో చాలామందికి అది నిర్లక్ష్యంగా తోచింది. నాకు అలా అనిపించలేదు గానీ, సలహా ఇంతగా ఎందుకు మారిందో వారికి నచ్చజెప్పలేకపోయాను.

ఆలోచిస్తే ఇది ఒక్క నడుముతో ఆగే విషయం కాదు. వయసు పైబడినవారు గుండె కోసం రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ వేసుకోవడం మంచిదని ఒకప్పుడు విరివిగా చెప్పేవారు, ఇప్పుడు అందరికీ వద్దంటున్నారు. పసిపిల్లలకు వేరుశనగ పెట్టవద్దన్నవారే ఇప్పుడు త్వరగా అలవాటు చేయమంటున్నారు. నడుము నొప్పి విషయంలో ఈ మార్పుకు ఆధారం ఏమిటి? ఇవాళ చెప్పినది రేపు మారదన్న నమ్మకం లేనప్పుడు మాలాంటివారు దేనిని పట్టుకుని నడుచుకోవాలి? తెలిసినవారు వివరంగా రాస్తే మా ఇంట్లోవారికి చదివి వినిపిస్తాను.

సమాధానం: ఒక ఫిజియోథెరపిస్టు

ఆ వైద్యురాలు చెప్పినది నిర్లక్ష్యం కాదండీ, దాని వెనుక మూడు దశాబ్దాలకు పైబడిన పరిశోధన ఉంది. దెబ్బతిన్న భాగాన్ని కదపకుండా ఉంచితే అది మానుతుందన్నది పాత సలహాకు మూలమైన తర్కం. విరిగిన ఎముకకు సరిపోయే ఆ తర్కాన్ని నడుముకూ వర్తింపజేశారు గానీ, పడుకున్నవారు నిజంగానే త్వరగా కోలుకుంటున్నారా అని పోల్చి చూసినవారు చాలాకాలం పాటు దాదాపు లేరు.

1986లో అమెరికాలో 203 మంది రోగులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును రెండు రోజులు, మరొక జట్టును ఏడు రోజులు పడుకోమన్నారు. నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏడు రోజులు పడుకోమన్నవారు పనికి ఎక్కువ రోజులు దూరమయ్యారు, అంతే. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి నగర ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనం మరింత ముందుకు వెళ్లింది. అందులో కొందరిని రెండు రోజులు పడుకోమన్నారు, కొందరి చేత నడుము వ్యాయామాలు చేయించారు, మిగిలినవారిని నొప్పి సహించినంత మేరకు మామూలు పనులే చేసుకోమన్నారు. అందరికంటే త్వరగా కోలుకున్నది ఈ మూడో జట్టువారు. నొప్పి తీవ్రంగా ఉన్న తొలి రోజుల్లో ప్రత్యేక వ్యాయామాల కంటే కూడా మామూలు దినచర్యే మేలు చేసిందన్న ఆ ఫలితం, వ్యాయామాలు నేర్పడమే వృత్తిగా ఉన్న నాలాంటివారికి అంత సులువుగా మింగుడుపడేది కాదు. దీర్ఘకాలంగా వేధించే నొప్పిలో వ్యాయామం పాత్ర వేరు, ఆ రెండింటినీ కలపకూడదు.

స్కాన్ ఎందుకు వద్దన్నారన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. 1994లో నడుము నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎంఆర్ఐ తీసి చూస్తే, వారిలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించింది, అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవారు 36 శాతమే. అంటే డిస్కు ఉబ్బడం చాలామందిలో వయసుతో పాటు వచ్చే మార్పే తప్ప నొప్పికి కారణమని దానంతట అదే రుజువు చేయదు. కానీ నొప్పితో ఉన్న మనిషి చేతిలో ‘డిస్కు జరిగింది’ అన్న రిపోర్టు పెట్టండి. ఆ క్షణం నుంచి ఆయన వంగడానికి భయపడతారు, బరువు ఎత్తడం మానేస్తారు, నడక తగ్గిస్తారు, కండరాలు బలహీనపడతాయి, నొప్పి పాతుకుపోతుంది. నా దగ్గరికి వచ్చేవారిలో నొప్పి కంటే రిపోర్టు వల్ల ఎక్కువ కుంగిపోయినవారు తరచుగా కనిపిస్తారు.

మాత్రల సంగతీ ఇలాంటిదే. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మొదట పారాసెటమాల్ వేసుకోవాలన్నది ఎంతోకాలం ప్రామాణిక సలహా. ఆస్ట్రేలియాలో సుమారు 1,650 మంది మీద జరిగి 2014లో వెలువడిన పరీక్షలో, పారాసెటమాల్ వాడినవారు కోలుకోవడానికి మధ్యస్థంగా 17 రోజులు పట్టింది, మందు లేని డమ్మీ మాత్ర వేసుకున్నవారికి 16 రోజులు పట్టింది. చాలామందికి ఆ నొప్పి కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది కాబట్టి, ఆ సమయంలో మనం ఏది వాడితే దానికే పేరు వస్తుంది.

అయితే ఒక హెచ్చరిక తప్పనిసరి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగంలో స్పర్శ తగ్గినా, కాలు బలహీనపడుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం గానీ, కారణం తెలియకుండా బరువు తగ్గడం గానీ ఉన్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, కింద పడిన తరువాత నొప్పి మొదలైనా స్కాన్ వద్దన్న మాట వర్తించదు. వైద్యురాలు పరీక్షించి, ప్రశ్నలు అడిగి ఇవేవీ లేవని తేల్చుకున్న తరువాతనే నడవమని చెప్పి ఉంటారు.

సమాధానం: గణాంకశాస్త్రం బోధించే వ్యక్తి

మీ రెండో సందేహం గురించి రాస్తాను. సలహా మారిందని వినగానే కొత్తదాని ఆధారం గురించి అడుగుతాం, నిజానికి పాత సలహాకు ఆధారం ఏమిటని కూడా అడగాలి. చాలా సందర్భాల్లో కూలిపోయేది బలమైన రుజువు మీద నిలిచిన విషయం కాదు, రుజువు లేకుండానే స్థిరపడిపోయిన అలవాటు. ఒక ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో 2001 నుంచి 2010 వరకు వచ్చిన వ్యాసాలను పరిశీలించిన ఒక సమీక్షలో, అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులను పరీక్షించినవి 363 ఉంటే, వాటిలో 146 ఆ పద్ధతి పనికిరాదనో, అంతకు ముందున్నదాని కంటే మెరుగైనది కాదనో తేల్చాయి.

బలహీనమైన ఆధారం ఎలా మోసగిస్తుందో చెప్పడానికి మెనోపాజ్ తరువాత ఇచ్చే హార్మోన్ల కథ చాలు. హార్మోన్లు వాడుతున్న స్త్రీలకు గుండె జబ్బులు తక్కువగా వస్తున్నాయని వేలాదిమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు చెప్పాయి. గమనించినది నిజమే, దాని నుంచి తీసిన అర్థమే తప్పు. సాధారణంగా అలాంటి మందు అడిగి వాడేవారు చదువు, ఆదాయం ఉన్నవారు, వైద్యుల వద్దకు క్రమం తప్పకుండా వెళ్లేవారు, మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉన్నవారు. 16,608 మంది స్త్రీలను ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా రెండు జట్లుగా విడదీసి జరిపిన పరీక్షను 2002లో మధ్యలోనే ఆపవలసి వచ్చింది, ఎందుకంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన జట్టులో గుండె జబ్బులు తగ్గకపోగా పెరిగాయి, రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగింది.

ఇక్కడే అంకెల చమత్కారం ఒకటి ఉంది. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని పత్రికలు రాశాయి. అదే ఫలితాన్ని ఏడాదికి 10,000 మందిలో 30 మందికి బదులు 38 మందికి వచ్చిందని కూడా చెప్పవచ్చు. రెండూ సత్యమే గానీ, మొదటిది విన్న స్త్రీ భయపడి మందు మానేస్తుంది, రెండోది విన్న స్త్రీ తన వేడి ఆవిర్ల బాధను, ఆ ముప్పును పక్కపక్కన పెట్టి వైద్యులతో మాట్లాడగలుగుతుంది. తరువాతి విశ్లేషణల్లో మెనోపాజ్ వచ్చి ఎక్కువ కాలం కాని, అరవై లోపు స్త్రీలలో లాభనష్టాల లెక్క వేరుగా ఉందని తేలి, తీవ్ర లక్షణాలున్నవారికి ఆ చికిత్స మళ్లీ చర్చలోకి వచ్చింది. శాతం ఎప్పుడు కనిపించినా అది ఎంతమందిలో ఎంతమంది అని అడగడం అలవాటు చేసుకోండి.

ఆస్పిరిన్ విషయం కొంచెం భిన్నమైనది. 1989లో వెలువడిన, 22,071 మంది పురుష వైద్యుల మీద జరిగిన పరీక్షలో ఆస్పిరిన్ గుండెపోట్లను గణనీయంగా తగ్గించింది, ఆ పరీక్షలో లోపమేమీ లేదు. తరువాతి కాలంలో పరిస్థితులు మారాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు వచ్చాయి, రక్తపోటు చికిత్స మెరుగుపడింది, అనేక దేశాల్లో పొగతాగడం తగ్గింది. గుండెపోటు ముప్పే తగ్గినప్పుడు ఆస్పిరిన్ తప్పించగలిగేవీ తగ్గుతాయి, రక్తస్రావం ముప్పు మాత్రం అలాగే ఉంటుంది. 2018లో ప్రచురితమైన, ఎక్కువగా డెబ్బై దాటిన 19,114 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన పరీక్షలో గుండెకు స్పష్టమైన ప్రయోజనం కనిపించలేదు, తీవ్ర రక్తస్రావం మాత్రం 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగింది. కాబట్టి ‘నాడు తప్పు చెప్పారు, నేడు ఒప్పు చెబుతున్నారు’ అనే చట్రంలో ఇది ఇమడదు.

వేరుశనగ సంగతి క్లుప్తంగా చెబుతాను. ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు మూడేళ్ల వరకు పెట్టవద్దని అమెరికా శిశువైద్యుల సంఘం 2000లో ఇచ్చిన సలహా ఊహ మీద ఆధారపడినది, 2008లో దానిని విడిచిపెట్టారు. 2015లో లండన్ పరిశోధకులు 640 మంది పసివారి మీద జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మొదట చర్మ పరీక్షలో ఎలర్జీ కనిపించనివారిలో, వేరుశనగకు దూరంగా ఉంచిన పిల్లల్లో 13.7 శాతం మందికి, క్రమం తప్పకుండా తిన్నవారిలో 1.9 శాతం మందికి మాత్రమే అయిదో ఏట ఎలర్జీ ఉంది. అయితే తీవ్రమైన తామర లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న పసివారికి వైద్యులను అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి, గింజలను గింజలుగా ఎప్పుడూ పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

సమాధానం: పాత పాఠకుడు

పై ఇద్దరూ రాసిన వాటితో నాకు పేచీ లేదు గానీ, ప్రశ్నలోని మూల భావనతోనే ఉంది. సలహాలు తరచుగా మారిపోతున్నాయని మనం బాధపడుతున్నాం. నా దృష్టిలో అసలు సమస్య, మారవలసినవి మారకపోవడం.

కడుపులో పుండ్లకు మానసిక ఒత్తిడి, కారం, ఆమ్లం కారణాలని నమ్ముతున్న కాలంలో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఒక బాక్టీరియాను గుర్తించి 1982లో ప్రయోగశాలలో పెంచగలిగారు. వినేవారు లేక 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించారు. అయినా ఆ పుండ్లకు యాంటీబయాటిక్స్ ఇవ్వాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు సిఫార్సు చేసేసరికి 1994 వచ్చింది. వారిద్దరికీ నోబెల్ బహుమతి 2005లో దక్కింది. మధ్యలో గడిచిన ఆ పదేళ్లలో తగ్గించగలిగిన జబ్బుతో ఏళ్ల తరబడి మాత్రలు మింగినవారెందరో.

మోకాలి అరుగుదలకు చిన్న రంధ్రం ద్వారా కీలును శుభ్రం చేసే శస్త్రచికిత్స మరొక ఉదాహరణ. 2002లో 180 మంది మీద జరిగిన పరీక్షలో కొందరికి చర్మం మీద కోత మాత్రమే పెట్టి కుట్లు వేశారు. నిజమైన శస్త్రచికిత్స అయినవారికీ, ఉత్తుత్తి కోత పడినవారికీ నొప్పిలో తేడా లేదు. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి అనేక దేశాల్లో ఇలాంటి శస్త్రచికిత్సలు సాగాయి. ఒక పద్ధతి చుట్టూ శిక్షణ, పరికరాలు, ఆదాయం, రోగుల నమ్మకం అల్లుకున్న తరువాత దానిని ఒక్క అధ్యయనం కదిలించలేదు. మీ అమ్మగారికి 1986 నాటి ఫలితం ఇప్పుడు కొత్త సలహాగా వినిపించడం కూడా ఈ జాప్యంలో భాగమే.

జిజ్ఞాసువు

అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మగారు చాలాకాలంగా ఎవరో చెప్పారని ఆస్పిరిన్ కూడా వేసుకుంటున్నారు. పై సమాధానం చదివాక దానిని ఆపించమంటారా? అలాగే, స్కాన్ కోసం ఎంతకాలం ఆగవచ్చు?

ఫిజియోథెరపిస్టు

మీరుగా ఆపించవద్దు. పైన చెప్పిన 2018 పరీక్ష గుండె జబ్బు లేనివారి గురించి. ఇదివరకే గుండెపోటు వచ్చినవారికీ, స్టెంటు వేసినవారికీ, రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చినవారికీ సాధారణంగా ఆస్పిరిన్ అవసరమే, వారు హఠాత్తుగా మానితే ప్రమాదం. అమ్మగారు దానిని ఎందుకు మొదలుపెట్టారో, అప్పుడు ఏ పరీక్షలు జరిగాయో కనుక్కుని, ఆ వివరాలతో వైద్యురాలినే అడగండి. నడుముకు వేరే నొప్పి మాత్రలు ఏవైనా వాడుతుంటే అదీ చెప్పండి, ఎందుకంటే ఐబుప్రొఫెన్ వంటివి ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

స్కాన్ విషయానికి వస్తే, నేను రాసిన ప్రమాద సూచనలు లేనంతవరకు సాధారణంగా ఆరు వారాల వరకు చూడవచ్చు. అప్పటికీ తగ్గకపోతే, లేదా నొప్పి కాలిలోకి దిగి ఎక్కువవుతుంటే మళ్లీ చూపించండి. అప్పుడు కూడా ‘స్కాన్‌లో ఏమి కనిపిస్తే చికిత్స మారుతుంది?’ అని అడగండి. శస్త్రచికిత్స లేదా ఇంజెక్షన్ ఆలోచన ఉంటే స్కాన్ తీయించడంలో అర్థం ఉంటుంది. ఏది కనిపించినా చికిత్స మారదంటే ఇంకొంతకాలం నడకతోనే చూడమనండి.