పాత ఇంటి పెరట్లో షటిల్ కోర్టు: వేయించాలా, వద్దా?

పెరటి తలుపు (ఒంగోలు):
మా తాతగారు 1962లో గానుగ సున్నంతో కట్టించిన ఇల్లు. తూర్పున పెరడు, అరవై అడుగుల పొడవు, ముప్పై రెండు వెడల్పు. నేల నల్లరేగడి. ఈశాన్యం మూల బావి, దక్షిణం గోడ పక్కన వేపచెట్టు. పిల్లలిద్దరికీ షటిల్ తప్ప వేరే ధ్యాస లేదు. కాంక్రీటు కోర్టు వేయిద్దామని నేను, మట్టిని కప్పేస్తే ఇల్లూ బావీ రెండూ పాడవుతాయని మా నాన్నగారు. అంచులతో కలిపి యాభై అడుగులకు ఇరవై ఆరు అనుకుంటున్నాను. ఇంటి గోడకూ కోర్టుకూ మధ్య మూడడుగులు మిగులుతుంది. ఆయనది చాదస్తమా, లేక అందులో విషయం ఉందా?

కావలి కుర్రాడు:
వేయించండి, ఇందులో ఆలోచించేదేముంది? మా పెరట్లో నాలుగంగుళాల మందం వేయించాం, వెంట్రుకంత పగులు కూడా లేదు. 2001లో ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన గోపీచంద్ పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. ఈ గడ్డ మీద పిల్లల ఆటకు అడ్డం చెబుతారా?

పునాది మనిషి (ఒంగోలు, సివిల్ ఇంజనీరు):
గోపీచంద్ ఆల్ ఇంగ్లాండ్ ఆడింది గాలి చొరబడని హాల్లో, మన సముద్రపు గాలిలో కాదు. కావలి సోదరా, మీ నేల ఏమిటి? ఇసుక అయితే మీ అనుభవం ఇక్కడ పనికిరాదు.

రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. రోహిణి కార్తెలో పెరట్లోకి వెళ్లి చూడండి, నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. దాని మీద కాంక్రీటు పరిస్తే మధ్యలో తేమ అలాగే నిలిచిపోతుంది, అంచుల కింద మట్టి మాత్రం ఎండి దిగుతుంది, వానలకు మళ్లీ లేస్తుంది. రెండు మూడేళ్లలో గీతల పక్కనే పగుళ్లు రావచ్చు.

అసలు భయం ఇల్లు. మీరు చెప్పిన కొలతకు ఒక్క అంగుళం వాన పడితే కోర్టు మీద మూడు వేల లీటర్ల నీళ్లు చేరతాయి. ఇప్పుడు పెరడంతా పరుచుకుని నిలిచే ఆ నీళ్లు, వాలు తప్పితే మీ గోడ అడుగుకే వస్తాయి. ఆ కాలపు ఇళ్లకు పునాది లోతు తక్కువ. పైగా సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతూ బతుకుతుంది. దాని పక్కన నేలను మూసేస్తే ఆ చెమ్మ గోడలోకే ఎక్కి, గార పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది.

బావి సంగతిలో మాత్రం మీ నాన్నగారితో ఏకీభవించలేను. ఉబ్బిన రేగడిలోంచి నీళ్లు ఇంకేది బహు తక్కువ. మీ బావి ఊట ఆ పెరటి మీద ఆధారపడి లేదు. ఇంటి విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం.

పెరటి తలుపు:
రేగడి తవ్వి తీసేసి గ్రావెల్ నింపితే సరిపోతుందని మేస్త్రి అన్నారు.

పునాది మనిషి:
మంచి మాటే. రెండు మూడడుగులు తీసి, పొరలు పొరలుగా గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. కానీ ఇంటి గోడ పక్కన పునాది అడుగు కంటే లోతుకు తవ్వితే ఇంటికే ఎసరు. ముందు ఒక మూల చిన్న గుంట తీసి పునాది ఎంత లోతుందో చూడండి. చుట్టూ మూడేసి అడుగుల అంచు అక్కర్లేదు, ఒకటిన్నర చాలు. అప్పుడు కోర్టును తూర్పుకు జరిపితే గోడ దగ్గర తొమ్మిదడుగుల మట్టి మిగులుతుంది. వాలు తూర్పుకు, పది అడుగులకు అంగుళం పైచిలుకు. ఆ నీళ్లు కాలువ కట్టి వీధిలోకి పంపండి. రేగడిలో ఇంకుడుగుంత తవ్వితే దోమల తొట్టి అవుతుంది, కింద ఇసుక పొర తగిలితే తప్ప.

కందుకూరు పాతకాపు:
ఇంత తంటా ఎందుకు? మట్టి కోర్టు వేసుకోండి. మేము బాల్ బ్యాడ్మింటన్ ఆడింది మట్టి మీదే. దానికి 24 మీటర్ల పొడవు, 12 వెడల్పు కావాలి, మీ పెరట్లో పట్టదు. షటిల్‌కు 13.4, 6.1 చాలు. జల్లెడ పట్టిన ఎర్రమట్టి పరిచి, సాయంత్రం నీళ్లు చల్లి, మర్నాడు రోలరు తిప్పి సున్నంతో గీతలు వేయండి. మోకాళ్లకూ మంచిది. కాంక్రీటు మీద రోజూ ఎగిరే పిల్లల మోకాళ్ల గతి ఎవరైనా ఆలోచించారా?

కావలి కుర్రాడు:
పెద్దాయనా, మన జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే మీ ఎర్రమట్టి బురదే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చి పోయాక మీ కోర్టు ఆరేసరికి సంక్రాంతి వచ్చేది. మాది ఇసుక నేలే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన రేగడిలో ఇళ్లు కట్టుకోవడం మానేశారా?

కందుకూరు పాతకాపు:
వానల్లో ఆడకపోతే కొంపలు మునగవు. కాంక్రీటు మీద మాత్రం నీళ్లు ఆరకుండా ఆడతారా? నాచు పట్టి జారి పడతారు.

గ్రానైటు గాలి:
చీమకుర్తి నుంచి రాతి ముక్కలు తెచ్చి పరిస్తే?

పునాది మనిషి:
నునుపు రాయి మీద మంచు పడితే ఆసుపత్రికి దారి. గరుకు రాయైనా అతుకుల దగ్గర ఎత్తుపల్లాలు వస్తాయి. వదిలేయండి.

నిద్ర లేని పొరుగు (నెల్లూరు):
ఫ్లడ్ లైట్ల మాట ఎవరూ ఎత్తరేం? మా వెనక ఇంట్లో రాత్రి పదకొండు దాకా దీపాలు, కేకలు. నేల నలుపా ఎరుపా అన్నది మీ ఇష్టం, వెలుగు మాత్రం పక్కింటి కిటికీలో పడకుండా కిందికి వంచండి.

పెరటి తలుపు:
గుంట తీయించాను. పునాది రెండడుగులకే అయిపోయింది. మా నాన్నగారు ఏమీ అనలేదు కానీ వచ్చి చూసి వెళ్లారు. ఈ ఏడాదికి మట్టి కోర్టు అనుకుంటున్నాను, కానీ రోలరు పెరట్లోకి ఎలా వెళ్లాలి? మా సందు గేటు మూడడుగులే.

కందుకూరు పాతకాపు:
చేత్తో లాగే రాతి రోలరు సరిపోతుంది. రెండున్నర అడుగుల వెడల్పువి ఉంటాయి. మీ దగ్గర్లో పాత క్రికెట్ మైదానం ఉంటే అడిగి చూడండి.

కావలి కుర్రాడు:
నవంబరులో ఫోటో పెట్టండి, చూద్దాం.