1799 శ్రీరంగపట్నం కోసం షాకో (పొడుగు గొట్టంలాంటి) టోపీల బొమ్మ సోల్జర్లని మార్చాలి, యుద్ధంలో నలిగినట్టు పెయింట్ ఎలా?

మారతహళ్లి_మినీస్:
బెంగళూరులో ఉంటాను, నా దగ్గర 28 ఎంఎం హార్డ్ ప్లాస్టిక్ బొమ్మల బాక్స్ ఒకటుంది, నెపోలియన్ కాలం బ్రిటిష్ సోల్జర్లు, వాళ్లతో టేబుల్ మీద శ్రీరంగపట్నం ముట్టడి గేమ్ ఆడాలని ఉంది, కొంతమందిని మద్రాసు సిపాయిలుగా చేయాలి. టోపీలు అలాగే ఉంచేయొచ్చా? ఇంకోటి, వీళ్లు నెల రోజులు కందకాల్లో పడున్న మనుషుల్లా కనిపించాలి, ఇప్పుడేమో పెళ్లికి బయల్దేరినట్టున్నారు. బ్రౌన్ వాష్ (నీళ్లలా పల్చటి పెయింట్) కొట్టేస్తే చాలా?

పుట్టీ_పిచ్చి:
టోపీలు తీసేయాల్సిందే అన్నా, ఆ పొడుగు షాకో బ్రిటిష్ సైన్యానికి వచ్చిందే 1800లో. కనుబొమ్మల పైదాకా కోసేసి ముఖం ఉంచుకో, పైన గ్రీన్ స్టఫ్‌తో (రెండు రంగుల ముద్దలు కలిపి వాడే పుట్టీ) తలపాగా చుట్టు. దాని పసుపు, నీలం ముద్దలు సమానంగా కలిపాక కాసేపు వదిలేస్తే వేళ్లకి అంటుకోవడం తగ్గుతుంది, టూల్ తడి చేసుకుంటూ మడతలు గీసుకో. అసలు పని కాళ్ల దగ్గరుంది, సిపాయిలకి పొడుగు ప్యాంట్లు ఉండవు, పొట్టి లాగు, చెప్పులు, కాబట్టి గేటర్ (పిక్కలకి తొడిగే గుడ్డ) గుండీలన్నీ చెక్కి నున్నగా చేసి కాలి వేళ్లు పుట్టీతో పెట్టాలి. బొమ్మ నిలబడే బేస్‌కి ఎమ్-సీల్ చాలు.

కావేరి_గట్టు:
వాష్ ఒళ్లంతా కొట్టొద్దండి ప్లీజ్, అందరూ ఒకే బురదలో ముంచి తీసినట్టు అయిపోతారు. మురికి వేరు, అరుగుదల వేరు. మురికి కింద నుంచి పైకి ఎక్కుతుంది, బట్ట మాత్రం రాసుకునే చోట అరుగుతుంది, అంటే మోకాళ్లు, మోచేతులు, కోటు అంచులు, తుపాకీ ఆనే భుజం. మామూలు సోల్జర్ల కోటుది మ్యాడర్ అనే మొక్క వేళ్ల నుంచి తీసే రంగు, ఇటుక ఎరుపులా ఉంటుంది, ఆఫీసర్లది మెరిసే స్కార్లెట్. ఎండకి వెలిసిన భుజాలకి ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది, లేత గోధుమ రంగు కలపండి.

ఇంకా ముఖ్యమైంది, ఏ రోజు సోల్జరో ముందు అనుకోండి. కందకంలో వాళ్లకి పొడి ఎర్రమట్టి దుమ్ము. 1799 మే 4 మధ్యాహ్నం దాడికి వెళ్లినవాళ్లు కావేరి పాయలో రాళ్ల మీద దిగి దాటారు, కొన్ని చోట్ల నడుం లోతు, వాళ్లకి నడుం కింద బట్ట రంగే ముదిరిపోవాలి. ముందు మొత్తం మ్యాట్ వార్నిష్, అది ఆరాక కాళ్లకి మాత్రం మెరిసే గ్లాస్ వార్నిష్, ఈ వరస తప్పితే తడి మెరుపు పోతుంది.

మారతహళ్లి_మినీస్:
సూపర్ అండి, అయితే సగం మందిని నదిలో దించేస్తా. చిప్పింగ్ (పెయింట్ పెచ్చులూడినట్టు చూపించడం) స్పాంజ్‌తో చేయొచ్చా?

కావేరి_గట్టు:
తుపాకీ కర్రకి, పెట్టెల అంచులకి చేయండి, స్పాంజ్‌ని ముందు టిష్యూ మీద బాగా అద్దేసి. కోటుకి వద్దు, గుడ్డ పెచ్చులూడదు కదా, చిరుగులైతే సన్న బ్రష్‌తో ముదురు గీత, దాని కిందే లేత గీత.

పుట్టీ_పిచ్చి:
ప్రైమర్ (పెయింట్‌కి ముందు వేసే మొదటి కోటు) స్ప్రే అయితే వాన లేని రోజు చూసుకో, తేమలో గరుకు తేలుతుంది, తలపాగా మడతలన్నీ పూడుకుపోతాయి. వాన ఆగకపోతే బ్రష్ ప్రైమర్ పల్చగా రెండు కోట్లు.