అమ్మేసిన 105 లెన్సు కోసం మళ్లీ వెతకవచ్చా?

అమలాపురం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. డెల్టాలోని లంకలూ రేవులూ తీర్థాలూ తిరుగుతూ ఫొటోలు తీయడమే 11 ఏళ్లుగా నా పని. రెండేళ్ల కిందట నికాన్ జెడ్ కెమెరాకు మారుతూ, పాత లెన్సులతో ఇక అవసరం ఉండదనుకొని, 180 ఎంఎం ఎఫ్ 2.8నూ 105 ఎంఎం ఎఫ్ 2.5నూ ఒకే రోజు రాజమహేంద్రవరంలోని ఒక దుకాణంలో అమ్మేశాను. 180ని తలచుకుంటే పెద్ద బాధ లేదు. దాని బరువుకు మెడ లాగేసేది. 105 మాత్రం మనసులోంచి పోవడం లేదు. ముందుకు లాగితే జారివచ్చే దాని హుడ్ (పక్క వెలుగు గాజు మీద పడకుండా ఆపే గొట్టం), బొటనవేలు ఆనేచోట నున్నగా అరిగిపోయిన ఫోకస్ రింగు రబ్బరు ఇప్పటికీ చేతికి తగులుతున్నట్టే ఉంటాయి.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు, అంటే భుజాల మీద మోసుకొచ్చే దేవుడి అలంకరణ చట్రాలు, కౌశిక ఏట్లో దిగి దాటివచ్చేటప్పుడు, మోసేవాళ్ల ముఖం కావాలంటే జూమ్ లేని ఆ 105తో నేనూ గట్టు దిగి నీళ్లలోకి నడవవలసి వచ్చేది. ఈ ఏడాది 24-200 జూమ్‌తో గట్టు మీదే నిలబడి రింగు తిప్పుకున్నాను. పదునుకు లోటేమీ లేదు గాని, ఒక్క ముఖంలోనూ ప్రభ బరువు నాకు కనబడలేదు. అదే లెన్సు మళ్లీ కొనడం సబబేనా, లేక ఇది వట్టి మమకారమా? కొత్త కెమెరా మీద అది పనిచేస్తుందా?

కాకినాడ నుంచి జవాబు:

పనిచేస్తుందండి. పాత నికాన్ లెన్సును జెడ్ కెమెరాకు కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తగిలించి, మెనూలో 105 అనీ 2.5 అనీ నమోదు చేసుకోండి. మీ కెమెరా బాడీలో చేతివణుకును అదుపుచేసే ఏర్పాటు ఉంటే అది కూడా ఈ లెన్సుకు తగ్గట్టు పనిచేస్తుంది. ఫోకస్, అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) రెండూ చేత్తోనే తిప్పుకోవాలి. ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపే పీకింగ్ ఉంది కాబట్టి అది కష్టమనిపించదు. 1984లో అమెరికా ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీ తీసిన ఆఫ్ఘన్ బాలిక చిత్రం ఈ రకం లెన్సుతో తీసినదే కావడంతో, ఆ సంగతి చెప్పి ధర పెంచేవాళ్లుంటారు. దశాబ్దాలపాటు తయారైన లెన్సు, అరుదైనదేమీ కాదు, తొందరపడకండి.

నరసాపురం నుంచి జవాబు:

మీరు అమ్ముకొని బాధపడుతున్నారు, నేను అమ్మకుండానే పోగొట్టుకున్నాను. మా మామయ్య ఇచ్చిన 50 ఎంఎంను తోలు సంచిలో పెట్టి ఒక వానకాలమంతా బీరువాలో ఉంచాను. తీసి చూస్తే లోపలి గాజు మీద సాలీడు దారాల్లాంటి గీతలు, ఫంగస్. తోలు చెమ్మను పట్టి ఉంచుతుందని అప్పటికి నాకు తెలియదు. శుభ్రం చేయించినా, ఫంగస్ గాజు మీది పూతను తినేసిన చోట మచ్చ పోలేదు. అందుచేత పాతది కొనేటప్పుడు అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. అపెర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే వదిలేయండి. కొన్నాక తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్‌లో గాని, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి గాని ఉంచండి. అన్నిటికన్నా ముందు ఆ దుకాణానికే వెళ్లి అడగండి. మీ పాత డబ్బా మీద సీరియల్ నంబరు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలండి. డబ్బా దొరికింది, దుకాణానికి వెళ్లాను. నా లెన్సును రావులపాలెం కుర్రాడొకడు కొన్నాడట. దుకాణదారు ఫోన్ కలిపి ఇచ్చారు. తిరిగి ఇస్తావా అని అడుగుదామనే వెళ్లాను. కానీ అతను ముందుగానే, "రబ్బరు ఇంతగా అరిగిందేమిటండీ, దీంతో ఎక్కడెక్కడ తీశారు?" అని అడిగేసరికి నాకు ఆ మాట నోట రాలేదు. దాన్ని తోలు సంచిలోనే పెడుతున్నాడని తెలిసి వెంటనే తీయించాను. డబ్బానూ బిల్లునూ అతనికే పంపించాను. నాకోసం ఇంకొకటి చూస్తున్నాను; కనుమ లోపల దొరికితే కౌశికలో దిగుతాను.